హాస్కెల్‌లో పారామీటర్ల తనిఖీ: పరస్పరం ఆధారపడే షరతులను ఎక్కడ పెట్టాలి?

నమస్కారం. ఒడిశాలోని రాయగడ జిల్లా, గుణుపురం వైపు పత్తి తూకాల లెక్కలు చూసే ప్రోగ్రామును హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాస్తున్నాను. ప్రధాన ఫంక్షన్ మొత్తం తూకం, సంచుల తరుగు, తేమ శాతం, రైతు మొబైల్ నంబరు అనే నాలుగు పారామీటర్లు (ఫంక్షన్‌కు అందించే విలువలు) తీసుకుంటుంది.

ఈదర్ (ఫలితాన్ని గాని తప్పును గాని పట్టి ఉంచే టైపు) మోనాడ్‌తో, అంటే ఒక అడుగు ఫలితం మీద తరువాతి అడుగు ఆధారపడే పద్ధతిలో, తనిఖీ చేస్తే తూకం తప్పయిన చోటే ఆగిపోతుంది. తేమ 12 శాతం దాటిందనీ, మొబైల్ నంబరులో పది అంకెలు లేవనీ అప్పుడే చెప్పదు. కాటా దగ్గర రైతులు బారులు తీరి ఉండగా గుమాస్తా చేత ఒక్కొక్క తప్పునూ విడివిడిగా దిద్దించడం నాకు సమ్మతం కాదు. అందుకే అప్లికేటివ్ పద్ధతిలో, అంటే ఒకదానిపై ఒకటి ఆధారపడని తనిఖీలను కలిపే విధంగా, తప్పులన్నిటినీ ఒకే జాబితాగా కూడబెట్టే వ్యాలిడేషన్ టైపును వాడుతున్నాను.

చిక్కంతా ఇక్కడే ఉంది. తరుగు మొత్తం తూకం కంటే తక్కువగా ఉండాలన్న షరతును ఆ రెండు విలువలూ సరైనవని తేలాకే చూడగలం, కాని వ్యాలిడేషన్‌కు మోనాడ్ ఇన్‌స్టాన్స్ (ఆ టైపు మోనాడ్‌లా పనిచేసేందుకు రాసే నిర్వచనం) ఇస్తే తప్పులను కూడబెట్టే గుణంతో అది పొసగదు. ముందు ఆ రెండింటినీ మాత్రమే కలిపి, ఈదర్‌లోకి మార్చి, షరతు చూసి, కన్‌స్ట్రక్టరు (ఆ టైపు విలువను తయారుచేసేది) మాడ్యూలు (కోడ్ విభాగం) బయటికి కనిపించని ‘నికర తూకం’ టైపుగా మలచి, ఆ తరువాత తేమతోనూ మొబైల్‌ నంబరుతోనూ అప్లికేటివ్‌గా జోడించడం సబబేనా? అలా చేస్తే లోపలి ఫంక్షన్లలో మళ్లీ తనిఖీ అక్కరలేదని నా నమ్మకం. పెద్ద ప్రోగ్రాములలో ఈ పద్ధతి పాటించినవారు తమ అనుభవం తెలియజేయగలరు.