చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి ప్రభుత్వ టెండర్: టర్నోవర్ షరతు, డిపాజిట్లు, బిల్లులు

బ్రాడీపేట డెవ్
గుంటూరులో మాది చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. రాష్ట్రంలోని ఒక మున్సిపాలిటీ ఫిర్యాదుల అప్లికేషన్‌కు 40 లక్షల అంచనాతో టెండర్ పిలిచింది. టర్నోవర్ 5 కోట్లు అడుగుతున్నారు. మాకు ఉద్యమ్ (చిన్న సంస్థల ప్రభుత్వ రిజిస్ట్రేషన్) ఉంది, దాంతో టర్నోవర్‌కు, డిపాజిట్‌కు మినహాయింపు వస్తుందా? చేతిలో ఎంత డబ్బు ఉంచుకోవాలి?

టెండర్ డెస్క్, విజయవాడ
ముందు టెండర్ ఎవరిదో చూడండి. 2012 నాటి ఎంఎస్ఈ (సూక్ష్మ, చిన్న సంస్థల) కొనుగోలు విధానం కేంద్ర శాఖలకు, కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలకు సంబంధించింది. అందులో ఈఎండీ (బిడ్‌తో పాటు కట్టే డిపాజిట్) మినహాయింపు ఉంది, ఏటా కొనుగోళ్లలో 25 శాతం చిన్న సంస్థలకివ్వాలి. మున్సిపాలిటీ టెండర్‌లో ఆ విధానం చూపించి ఈఎండీ కట్టకుండా బిడ్ వేస్తే టెక్నికల్ దశలోనే పోతుంది. మినహాయింపు టెండర్ డాక్యుమెంట్‌లో రాసి ఉంటేనే నమ్మండి.

టర్నోవర్ విషయంలో మాత్రం గట్టిగా అడగండి. పనుల టెండర్లకు కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2002లో చెప్పిన కొలత: మూడేళ్ల సగటు టర్నోవర్ అంచనా విలువలో 30 శాతం. అంటే మీ టెండర్‌కు 12 లక్షలు. అనుభవానికైతే 40 శాతం విలువైన పనులు మూడు, లేదా 50 శాతానివి రెండు, లేదా 80 శాతానిది ఒకటి. ఇది మున్సిపాలిటీని కట్టిపడేసే నిబంధన కాదు గానీ, 40 లక్షల పనికి 5 కోట్లు ఎందుకని అడగడానికి మంచి ఆధారం. ప్రీ-బిడ్ (బిడ్‌కు ముందు సందేహాలు అడిగే) గడువులోపు పేజీ నంబరు, క్లాజు నంబరు, ఉన్న షరతు, మీరు కోరే మార్పు అని నాలుగు గడుల్లో రాసి పంపండి. మీటింగ్‌లో నోటితో అడిగింది లెక్కలోకి రాదు. మార్పు జరిగితే కొరిజెండంగా (సవరణ ప్రకటనగా) టెండర్ పోర్టల్‌లో వస్తుంది. ఇలాంటి షరతుల్ని రాతపూర్వకంగా ప్రశ్నించకపోతే మన ఊళ్లో చేయగలిగిన పని మన ఊరికి రాదు.

అరండల్‌పేట అకౌంట్స్
డబ్బు లెక్క ఇది. ఈఎండీ 2 శాతమైతే 80 వేలు. పర్ఫార్మెన్స్ గ్యారంటీ (పని సరిగా చేస్తామని ఇచ్చే బ్యాంకు హామీ) 5 శాతమైతే 2 లక్షలు, దానికి బ్యాంకు ఎఫ్‌డీ మార్జిన్ అడుగుతుంది, వారంటీ అయ్యేదాకా అది కదలదు.

అసలు దెబ్బ జీఎస్టీ దగ్గర తగులుతుంది. 40 లక్షలకు 18 శాతం పడితే 7.2 లక్షలు. ఇన్‌వాయిస్ ఇచ్చారంటే, డబ్బు రాకపోయినా మరుసటి నెల రిటర్న్‌లో కట్టాల్సిందే. కాబట్టి చెల్లింపు దశల్ని ‘మాడ్యూల్ అప్పగింత’ అని కాకుండా ‘యూఏటీ సంతకం’ (శాఖ వాళ్లు వాడి చూసి, సరిగా ఉందని చేసే సంతకం) అని రాయించండి, సంతకం పడిన రోజే బిల్లు పెట్టండి. ఒప్పందం 2.5 లక్షలు దాటితే ప్రభుత్వ శాఖ బిల్లులోంచి 2 శాతం జీఎస్టీ టీడీఎస్ కోస్తుంది. జీఎస్టీ పోర్టల్‌లో దాన్ని అంగీకరిస్తేనే మీ క్యాష్ లెడ్జర్‌లో (పన్ను కట్టడానికి వాడుకునే ఖాతాలో) పడుతుంది. చాలామంది ఇది మరిచిపోతారు.

బిల్లు ఆగితే ఎంఎస్ఎంఈ చట్టం 2006 ఉంది. ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ, నెలవారీ లెక్కన. ఈ బకాయిల వివాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయొచ్చు. ఒప్పందం నాటికే ఉద్యమ్ ఉంటే మంచిది.

బెంజ్ సర్కిల్ టెస్టర్
కోట్‌లో రెండు ఖర్చులు కలపండి. ఒకటి, సెర్ట్-ఇన్ (కేంద్ర సైబర్ భద్రతా సంస్థ) గుర్తించిన ఆడిటర్‌తో సెక్యూరిటీ ఆడిట్. దాని సర్టిఫికెట్ లేకపోతే ప్రభుత్వ డేటా సెంటర్‌లో హోస్ట్ చేయనివ్వరు. మొదటి రౌండ్‌లో లోపాలు బయటపడతాయి, సరిచేశాక మళ్లీ పరీక్ష ఉంటుంది, ఆ సమయం కూడా షెడ్యూల్‌లో చూపించండి. రెండు, పాత డేటా. పాత అను ఫాంట్లలో (యూనికోడ్ కానివి) టైపు చేసిన పేర్లు, చిరునామాలు యూనికోడ్‌లోకి మారేటప్పుడు వత్తులు, గుణింతాలు చెదురుతాయి. మార్చాక తెలుగు చదివే మనిషి సరిచూడాలి. ఇది బయటి కంపెనీల కంటే మీరు బాగా చేయగల పని, టెక్నికల్ ప్రెజెంటేషన్‌లో చూపించండి.

బ్రాడీపేట డెవ్
చాలా థ్యాంక్స్ అండి. కొరిజెండం రాకపోతే పెద్ద కంపెనీ కింద సబ్-కాంట్రాక్ట్ తీసుకోవచ్చా?

టెండర్ డెస్క్, విజయవాడ
టెండర్ అనుమతిస్తే కన్సార్షియం (కంపెనీలు కలిసి ఉమ్మడిగా బిడ్ వేయడం) మేలు. సబ్-కాంట్రాక్ట్‌లో కంప్లీషన్ సర్టిఫికెట్ పెద్ద కంపెనీ పేరుతోనే వస్తుంది, వచ్చే టెండర్‌లో మీకు అనుభవం కింద చెల్లకపోవచ్చు. కన్సార్షియం ఒప్పందంలో మీ వంతు పని, దాని విలువ విడిగా రాయించుకోండి. సర్టిఫికెట్‌లోనూ ఆ విలువ వచ్చేలా మొదటి బిల్లు నాడే శాఖకు లేఖ ఇవ్వండి.