మ్యూజియం నమూనాలు మాత్రమే చూసి కొత్త కోయిల తేనెటీగ జాతిని ప్రకటించవచ్చా?

మట్టిగూడు:
కోయిల తేనెటీగలు గూడు కట్టుకోవు, పిల్లల కోసం పుప్పొడి కూడబెట్టవు. ఆడ ఈగ వేరే తేనెటీగ గూట్లోకి దూరి గుడ్డు పెడుతుంది. పుట్టిన లార్వా కొడవలి లాంటి కోరలతో అక్కడున్న గుడ్డునో లార్వానో చంపేసి, దాని కోసం దాచిన పుప్పొడి ముద్ద తిని పెరుగుతుంది. కాబట్టి ఇది ఎవరి గూట్లో గుడ్డు పెడుతుందన్నదే మనం మొదట తెలుసుకోవాల్సిన సంగతి. పిన్నుకు గుచ్చిన ఈగ కింద చీటీలో మహా అయితే చోటు, తేదీ, పట్టినవారి పేరు ఉంటాయి. అంత మాత్రం ఆధారంతో కొత్త జాతి అనేయడం తొందరపాటని నా అభిప్రాయం. మీరేమంటారు?

రెక్కనరం:
మట్టిగూడు గారూ, నేను ఒప్పుకోను. జాతిని గుర్తించడం ఒక పని, దాని బతుకు తెలుసుకోవడం ఇంకో పని. రెండోది తేలేదాకా మొదటిది ఆపితే రెండూ ఆగిపోతాయి. పేరూ వర్ణనా లేని ఈగ కోసం పొలాల్లో, ఇసుక గట్ల మీద ఎవరు వెతుకుతారు?

కోయిల తేనెటీగల్లో ఒకటైన ఎపియోలస్ ప్రజాతినే (దగ్గరి బంధువులైన జాతుల గుంపు) తీసుకోండి. 2018లో తేనెటీగల పరిశోధకుడు థామస్ ఒనుఫెర్కో మెక్సికోకు ఉత్తరాన ఉన్న అమెరికా, కెనడా ఎపియోలస్ జాతులన్నిటినీ తిరిగి పరిశీలించి 15 కొత్త జాతులను వర్ణించారు. ప్రకృతి డాక్యుమెంటరీలు తీసిన డేవిడ్ ఆటెన్‌బరో గౌరవార్థం పేరు పెట్టిన ఎపియోలస్ ఆటెన్‌బరోయి వాటిలో ఒకటి. ఆ పనికి మ్యూజియం సేకరణలే పునాది. పట్టిన ఈగలు పెట్టెల్లోనే ఉన్నాయి, వాటిని పక్కపక్కన పెట్టి పోల్చే మనిషి కోసం ఎదురుచూశాయి. ఇది తేనెటీగలకే పరిమితం కాదు. 2012లో వచ్చిన ఒక లెక్క ప్రకారం, ఒక జీవిని సేకరించిన నాటి నుంచి కొత్త జాతిగా వర్ణించేదాకా సగటున 21 ఏళ్లు పడుతోంది. ఇంకా ఆగమంటారా?

పైగా అతిథేయి, అంటే ఎవరి గూట్లో గుడ్డు పెడుతుందో ఆ తేనెటీగ, విషయంలో మనం పూర్తి చీకట్లో లేము. ఎపియోలస్‌లు గుడ్లు పెట్టేది కొలెటీస్ తేనెటీగల గూళ్లలో. నొమాడా అనే మరో ప్రజాతి కోయిల తేనెటీగలు ఎక్కువగా ఆండ్రీనా తేనెటీగల వెంట పడతాయి. ప్రజాతి తెలిస్తే వెతకాల్సిన దిక్కు తెలిసినట్టే.

పాతచీటీ:
అతిథేయి సంగతి పక్కన పెట్టండి. నా టెన్షన్ నమూనా గురించి. ఎపియోలస్ ఒంటి మీద కనిపించే పట్టీలు పొట్టి వెంట్రుకలతో ఏర్పడినవి. ఈగ ముసలిదైతే అవి రాలిపోతాయి, తడిస్తే అంటుకుపోయి పట్టీ ఆకారమే మారుతుంది. పట్టిన ఈగను చంపే సైనైడ్ సీసాలో ఎక్కువసేపు ఉంచితే పసుపు మచ్చలు ఎర్రబడతాయి. నొమాడాల్లో ఎరుపు, పసుపు తేడాలనే లక్షణాలుగా రాస్తుంటారు కదా, ఆ ఎరుపు ఈగదో సీసాదో ఎలా చెప్తారు? ఆడ, మగ ఈగలు వేరుగా కనిపించి రెండు పేర్లు తెచ్చుకున్న సందర్భాలు కూడా తేనెటీగల చరిత్రలో ఉన్నాయి.

రెక్కనరం:
సరైన ప్రశ్న. అందుకే రంగు ఒక్కదాని మీద ఎవరూ నిలబడకూడదు. ఒంటి మీది గుంటల సాంద్రత, మీసాల కణుపుల నిష్పత్తి, ఆడ ఈగ పొట్ట చివరి పలకలు, మగ ఈగ జననాంగాలు, వీటిని సీసా మార్చలేదు. ఒక కాలు తీస్తే పాత నమూనా నుంచి కూడా చాలాసార్లు, జాతిని గుర్తుపట్టేందుకు చదివే చిన్న జన్యు ముక్క, అంటే డీఎన్ఏ బార్‌కోడ్ వస్తుంది.

పాతచీటీ:
బార్‌కోడ్‌ను కూడా గుడ్డిగా నమ్మలేం. అది తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియా జన్యువు. కీటకాల ఒంట్లో ఉండే వోల్బాకియా బ్యాక్టీరియా కూడా తల్లి ద్వారానే వ్యాపిస్తూ, ఒకే జాతిలో రెండు బార్‌కోడ్‌లు, రెండు జాతుల్లో ఒకే బార్‌కోడ్ కనిపించేలా చేయగలదు. శరీర లక్షణాలూ బార్‌కోడూ ఒకే మాట చెబితే ఒప్పుకుంటాను.

ఇసుకగట్టు:
ఒక సంగతి ఎవరూ అనలేదు. అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి అతిథేయి ఎవరని అడగదు. వేరు చేసే లక్షణాలు రాయమంటుంది, పేరుకు ఆధారమైన నమూనా ఏదో స్పష్టంగా చెప్పమంటుంది. 2015లో దక్షిణాఫ్రికాలో ఒక ఈగను (తేనెటీగ కాదు) ఫొటోల ఆధారంగానే కొత్త జాతిగా వర్ణించినప్పుడు ఎంత గొడవ జరిగిందో గుర్తుందా? చేతిలో శరీరం లేకపోవడమే అక్కడ అభ్యంతరం. మ్యూజియం నమూనాతో ఆ ఇబ్బంది లేదు. ఎవరికి అనుమానమొచ్చినా వెళ్లి అదే ఈగను మళ్లీ మైక్రోస్కోప్ కింద పెట్టవచ్చు.

ఎపియోలాయిడిస్ పైలోసులస్ అనే ఉత్తర అమెరికా కోయిల తేనెటీగ దశాబ్దాల పాటు కనబడలేదు. అంతరించిపోయిందేమో అనుకున్నారు. 2002లో కెనడాలోని నోవా స్కోషియాలో దొరికింది. పాత వర్ణన, పాత నమూనాలు ఉండబట్టే దాన్ని గుర్తుపట్టగలిగారు.

మట్టిగూడు:
ఆ ఉదాహరణ బలమైనదే. అయినా నా అభ్యంతరం పూర్తిగా పోలేదు. ఒకే చోట, ఒకే రోజు దొరికిన ఒంటరి ఆడ ఈగ మీద జాతి నిలబెట్టడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. కనీసం రెండు మూడు చోట్ల నుంచి నమూనాలు, వీలైతే మగ ఈగ కూడా ఉండాలి. అతిథేయి తెలియనప్పుడు దగ్గరి బంధువుల అలవాటు చూసి ఊహించి రాయకుండా, తెలియదనే రాయాలి.

రెక్కనరం:
తెలియదని రాయాలన్న మాటకు నేనూ సరే. ఒంటరి నమూనా విషయంలో మాత్రం కాదు. కోయిల తేనెటీగలు అతిథేయి కంటే అరుదుగానే ఉంటాయి. ఆ చోట ఇప్పటికే కట్టడాలు లేచి ఉంటే రెండోది ఎప్పటికీ దొరకకపోవచ్చు. అప్పుడు ఆ ఒక్కదాన్ని పేరు లేకుండా పెట్టెలో ఉంచేద్దామా?