ఎస్‌ఎస్‌డీని పూర్తిగా తుడవడం ఎలా: డేటా మిగలకూడదు, వేగం తగ్గకూడదు

రెండో_డ్రైవ్:
1 టీబీ ఎన్‌వీఎంఈ ఒకటి, 500 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి (కంప్యూటర్‌కి కలిపే పద్ధతులు వేరు) వేరేవాళ్లకి ఇచ్చేయాలి. హార్డ్ డిస్కయితే మొత్తం సున్నాలు రాసేస్తే సరిపోయేది. ఎస్‌ఎస్‌డీకి అలా చేస్తే అరుగుతుందని కొందరు, నెమ్మదిస్తుందని కొందరు, అసలు డేటా పోనే పోదని ఇంకొందరు అంటున్నారు. ఏది నమ్మాలి? విండోస్, లినక్స్ రెండూ ఉన్నాయి.

కంట్రోలర్:
మూడిట్లోనూ నిజం ఉందండి, కాకపోతే అరుగుదల గురించి జనం మరీ ఎక్కువ భయపడతారు. 1 టీబీ టీఎల్‌సీ రకం డ్రైవ్‌లకి చాలావాటికి 600 టీబీ దాకా రాతల హామీ ఉంటుంది. ఒక్కసారి నిండా సున్నాలు రాస్తే అందులో పోయేది 1 టీబీ. 35 సార్లు రాసే గట్‌మన్ పద్ధతి జోలికి మాత్రం పోకండి. అది 1996లో అప్పటి మాగ్నెటిక్ డిస్కుల కోసం చెప్పింది.

అసలు చిక్కు ఫ్లాష్ (ఎస్‌ఎస్‌డీ లోపలి మెమరీ) పనిచేసే తీరులో ఉంది. రాయడం పేజీల లెక్కన, చెరపడం బ్లాకుల లెక్కన. పేజీ అంటే కొన్ని కేబీలు, బ్లాకు అంటే కొన్ని ఎంబీలు. రాసిన పేజీ మీద మళ్లీ రాయడం కుదరదు. అందుకే మీరు అదే చిరునామాకి సున్నాలు పంపినా కంట్రోలర్ (డ్రైవ్‌ని నడిపే చిప్పు) వాటిని వేరే ఖాళీ పేజీలో రాసి, తన పట్టికలో చిరునామా మార్చుకుంటుంది. పాత పేజీలో మీ డేటా అలాగే ఉంటుంది, గార్బేజ్ కలెక్షన్ (పనికిరాని పేజీల్ని డ్రైవ్ తనంతట చెరుపుకోవడం) ఎప్పుడు జరిగితే అప్పుడే పోతుంది. పైగా డబ్బా మీద రాసిన సైజు కంటే లోపల ఫ్లాష్ ఎక్కువ. ఆ అదనపు చోటూ, పాడైపోయాయని పక్కన పెట్టిన బ్లాకులూ ఆపరేటింగ్ సిస్టంకి కనపడనే కనపడవు. డేటాని కుదించి రాసే కంట్రోలర్లు కొన్ని ఉన్నాయి, వాటికి సున్నాలు పంపితే నిండా రాయను కూడా రాయవు.

నెమ్మదించడం ఎందుకంటే, సున్నాలు కూడా కంట్రోలర్‌కి డేటాయే. ప్రతి చిరునామా నిండిపోయిందనుకుని, కొత్త రాత వచ్చిన ప్రతిసారీ పాతవాటిని అటూ ఇటూ మోస్తూ ఉంటుంది. ఇది శాశ్వతమైన నష్టం కాదు, మొత్తం డ్రైవ్‌కి ట్రిమ్ (ఈ చోటు ఇక అక్కర్లేదని చెప్పే కమాండ్) పంపితే తీరిపోతుంది.

కాబట్టి మీరు రాయొద్దు, చెరుపుకోమని డ్రైవ్‌కే చెప్పండి. దానికి కమాండ్లు ఉన్నాయి.

టెర్మినల్:
ఎన్‌వీఎంఈ సంగతి నేను చెప్తాను. లైవ్ యూఎస్‌బీతో లినక్స్ బూట్ చేసి, ఎన్‌వీఎంఈ-సీఎల్ఐ ప్యాకేజీ వేసుకోండి. ముందు ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్‌తో మోడల్, సీరియల్ నంబర్ చూసి ఏది ఏ డ్రైవో తేల్చుకోండి. రెండు ఎన్‌వీఎంఈలు ఉంటే 0, 1 అనే నంబర్లు బూట్‌కి బూట్‌కి తారుమారు కావచ్చు. వీలుంటే తుడవక్కర్లేని డ్రైవ్‌ని ఊడదీసి పెట్టడమే మేలు.

ఐడీ-సీటీఆర్ఎల్ సబ్‌కమాండ్‌కి పెద్ద హెచ్ ఆప్షన్ ఇస్తే డ్రైవ్ ఏవేం చేయగలదో వివరంగా వస్తుంది. శాన్‌ఐక్యాప్ అన్న చోట బ్లాక్ ఎరేజ్ సపోర్ట్ ఉందని కనిపిస్తే శానిటైజ్ (డ్రైవ్ తనంతట తానే మొత్తం చెరుపుకునే కమాండ్) వాడండి. శాన్‌యాక్ట్ విలువ 2 అంటే బ్లాక్ ఎరేజ్ (ఫ్లాష్ బ్లాకుల్ని చెరపడం), 4 అంటే క్రిప్టో ఎరేజ్ (ఎన్‌క్రిప్షన్ కీని పారేయడం), 3 అంటే ఓవర్‌రైట్ (పైన మళ్లీ రాయడం). ఆ 3 మనకి అక్కర్లేదు, ఊరికే అరుగుదల.

శానిటైజ్ మొదలయ్యాక ఆపలేరు. మధ్యలో కరెంటు పోయినా మళ్లీ పవర్ రాగానే అక్కణ్నుంచే సాగుతుంది. కమాండ్ వెంటనే తిరిగొచ్చేస్తే పని అయిపోయిందనుకోవద్దు, లోపల ఇంకా జరుగుతూ ఉంటుంది. శానిటైజ్-లాగ్ చూస్తే ప్రోగ్రెస్ అంకె పెరుగుతూ 65535 దగ్గర ఆగుతుంది. స్టేటస్‌లో విజయవంతం అని వచ్చేదాకా మెషీన్ ఆపకండి.

శానిటైజ్ లేని డ్రైవ్‌కి ఫార్మాట్ కమాండ్. ఎస్‌ఈఎస్ విలువ 1 ఇస్తే డేటా చెరుపుతుంది, 2 ఇస్తే ఎన్‌క్రిప్షన్ కీ మారుస్తుంది. ఏమీ ఇవ్వకపోతే అది 0. అప్పుడు డేటా చెరుపుతానన్న హామీ ఏమీ ఉండదు, చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే.

సాటా_కేబుల్:
సాటాకి లినక్స్‌లోని హెచ్‌డీపార్మ్ కమాండ్. పెద్ద ఐ ఆప్షన్‌తో నడిపితే చివర్లో సెక్యూరిటీ భాగం వస్తుంది. అందులో "నాట్ ఫ్రోజెన్" అని ఉండాలి. చాలా మదర్‌బోర్డులు బూట్ అయ్యేటప్పుడే డ్రైవ్‌ని ఫ్రీజ్ చేసేస్తాయి, అంటే ఇలాంటి కమాండ్లు తీసుకోకుండా బిగించేస్తాయి, ఏదైనా మాల్వేర్ పాస్‌వర్డ్ పెట్టేయకుండా. మెషీన్‌ని ఒకసారి స్లీప్‌లో పెట్టి లేపితే సాధారణంగా విడిపోతుంది. 2.5 అంగుళాల డ్రైవ్ అయితే మెషీన్ ఆన్‌లో ఉండగానే దాని పవర్ కేబుల్ తీసి మళ్లీ పెట్టే దారి కూడా ఉంది, సాటా కనెక్టర్ అందుకు తగ్గట్టే తయారైంది. మదర్‌బోర్డు మీది ఎం.2 స్లాట్‌లో ఉన్నదాన్ని మాత్రం పవర్ ఉండగా ముట్టుకోవద్దు.

తర్వాత సెక్యూరిటీ-సెట్-పాస్‌తో తాత్కాలికంగా ఒక పాస్‌వర్డ్ పెట్టాలి, అది లేకుండా ఎరేజ్ ఒప్పుకోదు. అదే పాస్‌వర్డ్‌తో సెక్యూరిటీ-ఎరేజ్. ఎన్‌హాన్స్‌డ్ ఎరేజ్ ఉందని చూపిస్తే అదే వాడండి, పక్కన పెట్టిన సెక్టార్లకి కూడా వర్తిస్తుంది. ఎంత సమయం పడుతుందో ఆ సెక్యూరిటీ భాగంలోనే నిమిషాల్లో రాసి ఉంటుంది.

పని సవ్యంగా అయితే పాస్‌వర్డ్ దానంతట అదే పోతుంది. మధ్యలో ఆగితే డ్రైవ్ తాళం పడి ఉంటుంది. కంగారు పడకుండా అదే పాస్‌వర్డ్‌తో ఎరేజ్ మళ్లీ నడపండి. అందుకే పాస్‌వర్డ్ ఖాళీగా పెట్టకుండా, గుర్తుండే చిన్న మాట ఏదైనా పెట్టుకోండి. ఐదుసార్లు తప్పు కొడితే పవర్ తీసి పెట్టేదాకా ఇంక ప్రయత్నించనివ్వదు.

రెండో_డ్రైవ్:
ఎన్‌వీఎంఈ యూఎస్‌బీ డబ్బాలో ఉంది, అలాగే చేయొచ్చా? విండోస్‌లో డిస్క్‌పార్ట్ "క్లీన్ ఆల్" సరిపోదా?

కిటికీ_వైపు:
యూఎస్‌బీ డబ్బాల్లోని బ్రిడ్జ్ చిప్పులు చాలామటుకు ఈ కమాండ్లని లోపలికి పంపవు. సాటా డ్రైవ్‌లకైతే మధ్యలో తెగి డ్రైవ్ తాళం పడే ప్రమాదం కూడా ఉంది. నేరుగా మదర్‌బోర్డు స్లాట్‌లోనే పెట్టండి. బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) స్టోరేజ్‌కి రెయిడ్ మోడ్ ఉంటే లినక్స్‌కి డ్రైవ్ కనపడకపోవచ్చు, కాసేపు ఏహెచ్‌సీఐ మోడ్‌కి మార్చండి.

డిస్క్‌పార్ట్‌లో "క్లీన్" పార్టిషన్ టేబుల్ తీసేస్తుంది, అంతే. "క్లీన్ ఆల్" డ్రైవంతా సున్నాలు రాస్తుంది, అంటే పైన కంట్రోలర్ గారు వద్దన్నదే. విస్టా నుంచి ఫుల్ ఫార్మాట్ కూడా సున్నాలే రాస్తుంది. సైఫర్ /డబ్ల్యూ కమాండ్ ఖాళీ చోటంతా మూడుసార్లు రాస్తుంది. ఎస్‌ఎస్‌డీకి ఇవేవీ వద్దు.

విండోస్ దారిలో అయితే డ్రైవ్ తయారీదారు టూల్: శాంసంగ్ మెజీషియన్, క్రూషియల్ స్టోరేజ్ ఎగ్జిక్యూటివ్, కింగ్‌స్టన్ ఎస్‌ఎస్‌డీ మేనేజర్ లాంటివి. కొన్ని మదర్‌బోర్డుల బయాస్‌లోనే సెక్యూర్ ఎరేజ్ ఉంటుంది. అది ఉంటే అంతకంటే సులువైన దారి లేదు.

పేజీ_బ్లాకు:
డ్రైవ్ మీ దగ్గరే ఉంటుంది, పాత వేగం వస్తే చాలు అనుకుంటే ఇంత తతంగం అక్కర్లేదు. లినక్స్‌లో బీఎల్‌కేడిస్కార్డ్ మొత్తం డ్రైవ్‌కి ట్రిమ్ పంపుతుంది, క్షణాల్లో అయిపోతుంది. విండోస్‌లో క్విక్ ఫార్మాట్ ఆ పార్టిషన్‌కి ఇదే పని చేస్తుంది. కానీ ట్రిమ్ అంటే "ఈ చోటు నాకు అక్కర్లేదు" అని చెప్పడం వరకే. చదివితే సాధారణంగా సున్నాలు కనిపిస్తాయి గానీ, లోపల ఫ్లాష్ ఎప్పుడు చెరుపుకోవాలో డ్రైవ్ ఇష్టం. పరాయి చేతికి వెళ్లే డ్రైవ్‌కి ఇదొక్కటే చాలదు.

చిప్‌తాళం:
క్రిప్టో ఎరేజ్ ఒక్కటే చేసి వదిలేయమని నేను చెప్పను. సూత్రం బాగానే ఉంది, కీ పోతే మిగిలింది అర్థంలేని చెత్తే. కానీ అంతా ఫర్మ్‌వేర్ నిజాయితీ మీద ఆధారపడి ఉంది. 2018లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ యూనివర్సిటీ వాళ్లు డ్రైవ్‌ల సొంత ఎన్‌క్రిప్షన్ పరీక్షిస్తే చాలా లోపాలు బయటపడ్డాయి. ఒక మోడల్‌లో అయితే పాస్‌వర్డ్ పెట్టకముందు నాటి కీ కాపీ వేర్ లెవెలింగ్ (అరుగుదలని అన్ని బ్లాకులకీ పంచే పద్ధతి) వల్ల ఫ్లాష్‌లోనే మిగిలిపోయే వీలుంది. బ్లాక్ ఎరేజ్ కూడా ఉంటే రెండూ చేయండి, పోయేది నిమిషాలే.

కంట్రోలర్:
బ్లాక్ ఎరేజ్ మాత్రం నమ్మకమని కాదు. 2011లో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డియేగో పరిశోధకులు చిప్పుల్ని నేరుగా చదివి చూస్తే, ఎరేజ్ అయిపోయిందని చెప్పిన ఒక డ్రైవ్‌లో డేటా అంతా అలాగే ఉంది. అందుకే తర్వాత తనిఖీ చేయాలి. డ్రైవ్ మొదట్లో, మధ్యలో, చివర్లో కొన్ని చోట్ల హెక్స్‌డంప్‌తో (డ్రైవ్‌లో ఉన్న బైట్లని చూపే కమాండ్) చదవండి. బ్లాక్ ఎరేజ్ తర్వాత సున్నాలో ఎఫ్‌ఎఫ్‌లో వస్తాయి, క్రిప్టో ఎరేజ్ తర్వాత గజిబిజి రావచ్చు. పాత పార్టిషన్ ఇంకా మౌంట్ అవుతుంటే ఏమీ జరగనట్టే. కనపడని చోటుని ఈ తనిఖీ చూపించదు, కాబట్టి చాలా రహస్యమైనవి పెట్టుకునేవాళ్లు మొదటి రోజు నుంచే డ్రైవంతా ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకరో (విండోస్) లక్సో (లినక్స్) పెట్టుకోవాలి. డేటా ఎక్కాక ఎన్‌క్రిప్ట్ చేస్తే పాత పేజీలు ఎన్‌క్రిప్ట్ కాకుండా అలాగే మిగిలిపోవచ్చు.

రెండో_డ్రైవ్:
అంతా అయ్యాక మళ్లీ ట్రిమ్ పంపాలా? స్మార్ట్ లెక్కలు (డ్రైవ్ తన వాడకం గురించి దాచుకునేవి) సున్నా అవుతాయా?

టెర్మినల్:
ట్రిమ్ అక్కర్లేదు, బ్లాకులన్నీ అప్పటికే ఖాళీ. నడిచిన గంటలు, రాసిన టీబీలు మారవు, తీసుకునేవాళ్లకి అవి కనిపిస్తాయి.

సాటా_కేబుల్:
ఒకటి మిగిలింది. డ్రైవ్ చచ్చిపోయి ఏ కమాండ్‌కీ పలకకపోతే డీగాసర్ (అయస్కాంతంతో డిస్కు చెరిపే యంత్రం) వల్ల ఉపయోగం లేదు, ఫ్లాష్‌లో అయస్కాంతపు రాత లేదు. బోర్డు మధ్యలో డ్రిల్‌తో బెజ్జం పెట్టినా చిప్పులు తప్పించుకోవచ్చు. కవర్ విప్పి, ఎన్ని నాండ్ (ఫ్లాష్) చిప్పులున్నాయో రెండు వైపులా చూసి, ప్రతి చిప్పునీ విడివిడిగా ముక్కలు చేయాలి. కళ్లద్దాలు పెట్టుకోండి, ముక్కలు ఎగురుతాయి.