కార్-టి చికిత్స చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. మా బావగారికి 52 ఏళ్లు, ఊరు ఖమ్మం దగ్గర. రెండేళ్ల కిందట బి-సెల్ లింఫోమా (ఒక రకం రక్త క్యాన్సర్) అన్నారు. ఆరు సైకిళ్ల కీమో అయ్యాక స్కాన్‌లో ఏమీ కనబడలేదు, హమ్మయ్య అనుకున్నాం. ఈ సంక్రాంతి తర్వాత మెడ దగ్గర మళ్లీ గడ్డ తేలింది. రెండో రకం కీమో కూడా పెద్దగా పని చేయలేదు. ఇప్పుడు డాక్టర్ గారు కార్-టి గురించి ఆలోచించమన్నారు.

నాకు అర్థమైనంతవరకు, మన రక్తంలోని టి-కణాలనే (జబ్బులతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) తీసి, క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టేలా ల్యాబ్‌లో జన్యువు మార్చి, పెంచి తిరిగి ఎక్కిస్తారు. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ వాళ్ల కృషితో వచ్చిన నెక్స్‌కార్19 అనే కార్-టి చికిత్సకి 2023 అక్టోబర్‌లో మన దేశంలో అనుమతి వచ్చింది. అమెరికాలో కోట్లలో అయ్యేది ఇక్కడ లక్షల్లోనే అంటున్నారు. అయినా మాకు అది పొలం అమ్మితే గానీ రాని డబ్బు.

కణాలు తీసిన రోజు నుంచి ఎక్కించేదాకా మీకు ఎన్ని వారాలు పట్టింది? ఆలోపు జబ్బు ముదరకుండా ఏం ఇచ్చారు? ఎక్కించాక తీవ్ర జ్వరం, బీపీ పడిపోవడం, మతి తడబడడం ఉండొచ్చని చెప్పారు. అక్క టెన్షన్ అంతా దాని గురించే. ఐసీయూ ఖర్చు ప్యాకేజీలో కలిసిందా, విడిగా కట్టారా? ఇన్సూరెన్స్ వాళ్లు ‘ప్రయోగాత్మకం’ అని కొర్రీ పెడితే ఎలా ఒప్పించారు?

పసరు మందులు, ఆకు వైద్యాలు దయచేసి చెప్పకండి. అవి చెప్పేవాళ్లు ఇంటి చుట్టూ చాలామందే ఉన్నారు.