తమ్ముడి ఉద్యోగానికి హెడ్‌సెట్: స్ప్లిటర్ చాలా, యూఎస్‌బీయే కొనాలా?

కృష్ణలంక_అక్క
అందరికీ నమస్కారం. మా తమ్ముడికి ఇంటి నుంచి చేసే కస్టమర్ కేర్ ఉద్యోగం వచ్చింది, సోమవారం నుంచి ట్రైనింగ్. ఇంట్లో ఉన్నది పాత డెస్క్‌టాప్. వెనక ఆకుపచ్చ, గులాబీ, నీలం జాక్‌లు ఉన్నాయి. ఫోన్‌కి వాడే వైరు ఇయర్‌ఫోన్స్ ఆకుపచ్చదాంట్లో పెడితే పాటలు బాగానే వస్తున్నాయి, వాడు మాట్లాడితే మాత్రం అవతలివాళ్లకి ఏమీ వినపడట్లేదు. షాపతను "యూఎస్‌బీ హెడ్‌సెట్ తీసుకోవాల్సిందే మేడమ్" అంటున్నాడు. పక్కింటి కుర్రాడేమో వంద, రెండొందల్లో వచ్చే స్ప్లిటర్ చాలంటున్నాడు. ఎవరి మాట వినాలి?

టంకం
పక్కింటి కుర్రాడి మాటే వినండి.

ముందు ఇయర్‌ఫోన్ పిన్ మీద నల్ల గీతలు చూడండి. రెండుంటే అది వినడానికే. మూడుంటే మైకు కూడా ఉన్నట్టు: ఎడమ, కుడి, గ్రౌండ్ (అన్నిటికీ ఉమ్మడి తీగ), మైకు అని పిన్ నాలుగు ముక్కలుగా ఉంటుంది. మీ ఆకుపచ్చ జాక్‌లో మూడింటికే చోటుంది. మైకు తీగ అక్కడ గ్రౌండ్‌కే కలిసిపోతుంది, అందుకే పాట వస్తుంది, మాట పోదు. ఈ రంగులు కంప్యూటర్ల తయారీకి ఇంటెల్, మైక్రోసాఫ్ట్ వాళ్లు రాసిన పీసీ 99 గైడ్ నుంచి వస్తున్నవే: ఆకుపచ్చ స్పీకర్‌కి, గులాబీ మైకుకి, లేత నీలం బయటి ప్లేయర్ల నుంచి సౌండ్ తీసుకోవడానికి. ఇయర్‌ఫోన్స్‌ని గులాబీలో పెట్టినా లాభం లేదు. పెట్టి చెవిలో పెట్టుకునే భాగం దగ్గర గట్టిగా మాట్లాడితే సన్నగా రికార్డవుతుంది, ఎందుకంటే ఆ చిన్న స్పీకరే మైకులా పని చేస్తుంది. సరదాకి చూడొచ్చు, ఉద్యోగానికి కాదు.

మీకు కావాల్సింది ఒక పక్క ఒకే జాక్, ఇంకో పక్క రెండు పిన్‌లు ఉన్న వైరు. ఒక పిన్ మీద హెడ్‌ఫోన్ బొమ్మ, రెండోదాని మీద మైకు బొమ్మ ఉంటాయి. షాపులో "స్ప్లిటర్" అంటే చాలామంది ఇద్దరు కలిసి పాటలు వినేది చేతిలో పెడతారు. దానికి ఒక పిన్, రెండు జాక్‌లు. రెండు పిన్‌ల హెడ్‌సెట్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపేది కూడా చూడ్డానికి అలాగే ఉంటుంది. మీకు ఆ రెండూ పనికిరావు.

నైట్‌షిఫ్ట్
టంకం గారు చెప్పిన వైరింగ్ అంతా కరెక్టే. సలహా మాత్రం తప్పు. ఆవిడ అడిగింది పాటల గురించి కాదు, రోజుకి ఎనిమిది గంటలు కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగం గురించి. నేను కాల్ ఫ్లోర్‌లో కొత్తవాళ్లకి సిస్టమ్‌లు సెట్ చేసే పనిలో ఉన్నాను. పిన్ హెడ్‌సెట్ అంటేనే టెన్షన్. కుర్చీ కదిలితే పిన్ కదులుతుంది, గరగర మొదలవుతుంది. క్యాబినెట్ ముందు జాక్‌లో పెడితే లోపలి వైరు మదర్‌బోర్డు దాకా గ్రాఫిక్స్ కార్డు పక్కనుంచో, ఫ్యాన్ పక్కనుంచో పోతుంది, మౌస్ కదిపినప్పుడల్లా చెవిలో కీచుమంటుంది. యూఎస్‌బీ హెడ్‌సెట్‌లో సౌండ్ కార్డు దాంట్లోనే ఉంటుంది. విండోస్ అయినా లినక్స్ అయినా డ్రైవర్ అడగకుండానే పట్టుకుంటుంది. ఆఫీసు వాటికి వైరు మీద మ్యూట్ బటన్ కూడా ఉంటుంది, కస్టమర్ లైన్లో ఉండగా దగ్గొస్తే దాని విలువ తెలుస్తుంది.

టంకం
ముందు జాక్ పాడైతే వెనక జాక్ ఉందిగా సార్? ఆవిడ చెప్పింది వెనకదాని గురించే.

యూఎస్‌బీ అనగానే సౌండ్ మెరుగనుకోవడమే నాకు నచ్చనిది. చవక యూఎస్‌బీ హెడ్‌సెట్‌లో ఉండేదీ చవక చిప్పే, నోటి దగ్గరుండే మైకు గింజ కూడా ఇయర్‌ఫోన్స్‌లో ఉండేలాంటిదే. పైగా కస్టమర్ మామూలు ఫోన్ నుంచి చేస్తే గొంతు సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్యే వెళ్తుంది. ఆ సన్న సందులోంచి మీ యూఎస్‌బీ గొప్పతనం ఎంత బయటికొస్తుంది?

ఇక రిపేర్. పిన్ దగ్గర వైరు తెగితే పది రూపాయల కొత్త పిన్ వేసి అతికిస్తాను. ఆ సన్న తీగల మీద రంగు లక్క పూత ఉంటుంది, లోపల దారప్పోగులు కలిసి ఉంటాయి. పూత కాలేదాకా టంకం అంటదు, అది తెలియక చాలామంది "అతకదు" అని పారేస్తారు. యూఎస్‌బీ హెడ్‌సెట్‌లో చిప్ పోతే ఏం అతికిస్తారు?

నైట్‌షిఫ్ట్
షిఫ్టు మధ్యలో వైరు తెగితే మీ ఇంటికొచ్చి అతికించుకోవాలా అన్నా? ఫోన్ లైన్ సన్నదే, ఒప్పుకుంటా. కానీ ఆ సందులోంచి గరగర కూడా హాయిగా దూరిపోతుంది. నేను మాట్లాడేది మధురంగా వినిపించడం గురించి కాదు, "హలో, వినిపించట్లేదండీ" అనిపించుకోకపోవడం గురించి.

సీటీసీ_గల్లీ
ఇద్దరూ ఎర్తింగ్ సంగతి మరిచిపోయిన్రు. ఇండ్లల్ల మూడు పిన్‌ల సాకెట్ ఉంటది, పై రంధ్రానికి వైరే ఉండదు. క్యాబినెట్ మీద చెయ్యి పెడితే జివ్వుమంటే అదే లెక్క. మైకుల గుయ్యిమనే శబ్దం చాలాసార్లు అక్కడినుంచే వస్తది. యూఎస్‌బీ కొన్నా ఆ షాక్ పోదు. అక్కా, ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపియ్యి, హెడ్‌సెట్ తర్వాత.

కృష్ణలంక_అక్క
ఎర్తింగ్ బానే ఉంది, పోయినేడాదే వైరింగ్ మార్పించాం. సాయంత్రం టంకం గారు చెప్పిన రెండు పిన్‌ల వైరు తెచ్చి వెనక పెట్టాం. మాట వెళ్తోంది! కానీ బాగా సన్నగా. నోటికి ఆనించి మాట్లాడితేగాని వినపడట్లేదంటున్నారు.

టంకం
స్పీకర్ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి సౌండ్ సెట్టింగ్స్, అందులోంచి పాత సౌండ్ విండో తెరవండి. రికార్డింగ్ ట్యాబ్‌లో మైక్రోఫోన్ మీద డబుల్ క్లిక్ చేసి లెవెల్స్‌లోకి వెళ్లండి. మైక్రోఫోన్ బూస్ట్ అని ఉంటుంది. ముందు 10 డెసిబెల్స్, చాలకపోతే 20. చివరిదాకా లాగకండి, గొంతుతో పాటు ఫ్యాన్ శబ్దం కూడా పెరుగుతుంది.

నైట్‌షిఫ్ట్
చూశారా, బూస్ట్ దాకా వచ్చాం. నేను చెప్పిన గోల ఇదే. యూఎస్‌బీ అయితే ఇక్కడిదాకా రావాల్సిన పని చాలావరకు ఉండదు. సాఫ్ట్‌ఫోన్ యాప్‌లో (కంప్యూటర్‌లోంచే కాల్స్ మాట్లాడేది) మైకు, స్పీకర్ రెండిటికీ హెడ్‌సెట్ పేరు ఎంచుకుంటే అయిపోతుంది. అది ఎంచుకోకపోతే మాత్రం పాత జాక్‌నే వెతుక్కుంటూ కూర్చుంటుంది, తర్వాత హెడ్‌సెట్ పాడైపోయిందని ఫోన్ చేస్తారు.

అసలు అందరికంటే ముందు అడగాల్సింది తమ్ముడి కంపెనీని. చాలాచోట్ల యూఎస్‌బీ హెడ్‌సెట్ తప్పనిసరి అని జాయినింగ్ మెయిల్‌లోనే రాస్తారు. అలా ఉంటే మన వాదన అంతా వేస్ట్.

కృష్ణలంక_అక్క
బూస్ట్ 20 పెడితే సరిపోయింది. మెయిల్ మళ్లీ చదివించాను. "నాయిస్ క్యాన్సిలింగ్ మైక్ ఉన్న వైర్డ్ హెడ్‌సెట్" అని మాత్రమే ఉంది, యూఎస్‌బీ అని లేదు.

టంకం
అయితే నోటి దగ్గరికి వచ్చే కడ్డీ మైకు ఉన్న పిన్ హెడ్‌సెట్ తీసుకోండి. ఇయర్‌ఫోన్ వైరు మీద మెడ దగ్గర వేలాడే మైకు చొక్కాకి రాసుకుంటుంది, ఇంట్లో టీవీ శబ్దం కూడా లాగేస్తుంది.

నైట్‌షిఫ్ట్
కడ్డీ మైకు, సరే. పిన్, కాదు. ట్రైనింగ్‌కి ఇప్పుడున్నదానితో లాగించండి, మొదటి జీతంతో యూఎస్‌బీ.

సీటీసీ_గల్లీ
ఎవరిదైనా అడిగి ఒక దినం యూఎస్‌బీది పెట్టి చూడమను అక్కా. కొనేటప్పుడు హబ్‌కు (ఒక పోర్టును నాలుగైదు చేసే డబ్బాకు) కాదు, వెనక పోర్టుకే గుచ్చి చూడాలె.