పాపకి వెన్నెముక పక్కకి వంగింది, బ్రేస్ వేయించాలా?

కావలి అమ్మ:
మా పాపకి 13 ఏళ్లు. దసరాకి జాకెట్టు కుట్టించబోతే, కొలతలు తీస్తా టైలరమ్మ "కుడి భుజం ఎత్తుగా ఉందే అక్కా" అనింది. ఇంటికొచ్చి ముందుకు వంగమని చూస్తే వీపు కుడిపక్క పైకి లేచుంది. నెల్లూరులో ఎక్స్‌రే తీసి, కాబ్ కోణం, అంటే వంపు కొలత, 28 డిగ్రీలు, బ్రేస్ (ఒంటికి బిగించే గట్టి తొడుగు) వేయాలన్నారు. మా అత్తమ్మేమో పుత్తూరు కట్టు కట్టిద్దామంటాది. బరువు బ్యాగు మోయించి నేనే ఇట్లా చేసుకున్నానా అని నిద్ర పట్టడంలా.

ఒంగోలు ఫిజియో:
బ్యాగు వల్ల కాదమ్మా, ఆ దిగులు వదిలేయండి. ఈ వయసులో వచ్చే వంపుల్లో చాలావాటికి కారణం తెలియదు. పాప పెద్దమనిషి అయిందా? ఈమధ్యే అయ్యుంటే ఎదుగుదల ఇంకా మిగిలుంది, వంపు పెరిగే అవకాశమూ ఎక్కువే. ఎక్స్‌రేలో తుంటి ఎముక చూసి, ఎదుగుదల ఎంత మిగిలుందో తెలిపే రిస్సర్ గ్రేడ్ చెప్తారు, అడగండి. 0 అంటే ఇంకా చాలా మిగిలున్నట్టు. ఎదిగే పిల్లలకి సాధారణంగా 25 నుంచి 40 డిగ్రీల మధ్య బ్రేస్ వేస్తారు. అది వంపుని నిటారు చేయడానికి కాదు, పెరగకుండా ఆపడానికి. 2013లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో, రోజుకి సగటున 13 గంటలు, ఆపైన వేసుకున్న పిల్లల్లో నూటికి 90 మందికి పైగా వంపు 50 డిగ్రీలకి చేరలేదు. 50 దాటితే ఆపరేషన్ మాటొస్తుంది. పుత్తూరు కట్టు విరిగిన ఎముకకి కట్టేది, ఈ వంపుకి మాత్రం వద్దు.

పొదలకూరు అమ్మాయి:
అక్కా, నేను రెండేళ్లు వేసుకున్నా. మన ఎండలకి లోపల కుట్లు తగలని కాటన్ బనియన్, రోజుకి మూడు మార్చేదాన్ని. చర్మం కమిలి ఎరుపు తగ్గకపోతే ఓర్చుకోమనొద్దు, బ్రేస్ చేసినవాళ్ల దగ్గర సరిచేయించండి. మొదటి నెల రోజూ ఏడ్చా. అమ్మ పక్కనే పడుకునేది.

కావలి అమ్మ:
పాప పెద్దమనిషి అయి నాలుగు నెలలే. రిస్సర్ 0 అని రాసుంది. సోమవారం కొలతలకి పోతున్నాం.