వెల్ష్‌లో గుల్లలు, ఆల్చిప్పల పేర్లు: ఏది ఏకవచనం?

తీరం: గుల్లను వెల్ష్‌లో (బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతపు భాష) 'క్రాగెన్' అంటారని చదివాను. వాక్యాల్లో మాత్రం 'గ్రాగెన్' కనిపిస్తోంది. నిఘంటువులో గ దగ్గర వెతికితే దొరకలేదు. రాళ్లకు పట్టే నల్ల ఆల్చిప్పలు 'క్రెగిన్ గ్లెయ్‌షోన్', ఒక్కటైతే 'క్రాగెన్ లాస్' అట. రెండూ ఒకే మాటేనా? ఇసుకలో దొరికే చిన్న గుల్లలు (ఇంగ్లిష్‌లో కాకిల్స్) 'కోకోస్' అట, అది ఏకవచనమా, బహువచనమా?

పదనిధి: ఒకే మాట. నిఘంటువులో క దగ్గరే చూడండి. మన గసడదవాదేశం గుర్తుందా, 'వాడు కొట్టె' కాస్తా 'వాడు గొట్టె' అయ్యేది? దాదాపు అలాంటిదే. క్రాగెన్ స్త్రీలింగం కాబట్టి ముందు 'అ' అనే ఉపపదం (ఇంగ్లిష్ 'ది' లాంటిది) వస్తే క గ అవుతుంది: అ గ్రాగెన్. బహువచనానికి ఈ మార్పు లేదు: అ క్రెగిన్.

'గ్లాస్' అంటే నీలం. స్త్రీలింగ ఏకవచనం తర్వాత దాని గ పూర్తిగా రాలిపోయి 'లాస్' మిగులుతుంది. బహువచనంలో గ నిలుస్తుంది, కానీ విశేషణమే బహువచన రూపం 'గ్లెయ్‌షోన్' తీసుకుంటుంది. (పాత వాడుకలో గ్లాస్ పచ్చదనానికీ చెల్లేది, అందుకే గడ్డి 'గ్లాస్‌వెల్ట్'. మన 'పచ్చ' పసుపునూ ఆకు రంగునూ కలుపుకున్నట్టే.)

ఎక్కువమంది తప్పేది అంకెల దగ్గర. అంకె తర్వాత నామవాచకం ఏకవచనంలోనే ఉండాలి: రెండు గుల్లలు 'డుయ్ గ్రాగెన్', మూడు 'టైర్ క్రాగెన్'. 'డుయ్ క్రెగిన్' అనకూడదు. పీత 'క్రాంక్' పుంలింగం: రెండు 'డై గ్రాంక్', మూడు 'ట్రీ ఖ్రాంక్'.

ఉప్పుగాలి: కోకోస్ బహువచనం. మనం ఒక్కదానికి 'లు' చేర్చి పలు చేస్తాం. ఇక్కడ గుంపు మాటకు 'ఎన్' చేర్చి ఒక్కటి చేస్తారు: కోకోస్, కొక్సెన్. ఇంగ్లిష్‌లో ఆయిస్టర్లనే 'వస్ట్రిస్' కూడా అంతే, ఒక్కటైతే 'వస్ట్రసెన్'. తెలుగులో రెండింటినీ ఆల్చిప్పలనేస్తాం, అక్కడ క్రెగిన్ గ్లెయ్‌షోన్ వేరు, వస్ట్రిస్ వేరు.

కోకోస్ మాట బాగా వినిపించేది దక్షిణ వేల్స్‌లోని గౌయర్ ద్వీపకల్పం ఉత్తర తీరాన, పెన్‌క్లౌద్ అనే ఊళ్లో. ఆటు వేళ ఇసుకను గీకి, జల్లెడ పట్టి, చిన్నవాటిని వదిలేస్తారు. వాటితో తినే 'బారా లౌర్'లో బారా అంటే రొట్టె, కానీ అది రొట్టె కాదు, సముద్రపు నాచును గంటలకొద్దీ ఉడికించిన ముద్ద.

పదనిధి: ఇంకొకటి చేర్చాలి. రాతికి టోపీలా అతుక్కునే నత్త 'ల్హగడ్ మహారెన్', అంటే పొట్టేలు కన్ను. బహువచనంలో రెండు మాటలూ మారతాయి: ల్హగైడ్ మెహెరిన్. మొదటిదాన్ని మాత్రమే మార్చి వదిలేయకండి.